కొత్త కాపురానికి వంటసామాను: ఏవి నిలుస్తాయి, ఏవి అటకెక్కుతాయి?

కొత్తకాపురం | శనివారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారమండి. పెళ్ళయి నాలుగు నెలలైంది. ఇన్నాళ్ళూ అత్తగారింట్లోనే ఉన్నాం, ఆయన ఉద్యోగం మారడంతో వచ్చే నెల భీమవరంలో అద్దె పోర్షన్‌లోకి దిగుతున్నాం. సారె సామాను విప్పి చూస్తే ఏడు స్టీలు బిందెలు, మూడు డజన్ల గ్లాసులు, పేర్లు కొట్టించిన కంచాలు, అట్టపెట్టె కూడా విప్పని డిన్నర్ సెట్టు ఉన్నాయి గానీ, పప్పు వండుకుందామంటే అడుగు మందంగా ఉన్న గిన్నె ఒక్కటీ లేదు. చేతిలో పాతిక వేలున్నాయి. స్టవ్వు, మిక్సీ, కుక్కరు అన్నీ అందులోనే రావాలి. వంటగది గట్టు ఆరడుగులు కూడా ఉండదు. మేమిద్దరమే, కాకపోతే ఆదివారం వచ్చిందంటే చుట్టాలు దిగుతారు. ఏడాదికోసారి మళ్ళీ కొనే పని లేకుండా ఏవి తీసుకోవాలో చెప్పండి. వీడియోల్లో ఒక్కొక్కరూ ముప్ఫై వస్తువులు చూపిస్తున్నారు, చూసేకొద్దీ టెన్షన్ తప్ప ఏమీ తేలడం లేదు.

తణుకు_అత్తగారు | శనివారం, రాత్రి 9:40

ఏడేనా? మా కోడలికి పదకొండొచ్చాయి, బెంగపెట్టుకోకు తల్లీ. ముందు ఓ వారం పాటు ఏ గిన్నెలు రోజూ చేతిలోకి తీసుకుంటున్నావో గమనించుకో. మా అటక నిండా సామానే, కానీ రోజూ పొయ్యెక్కేవి ఆరు: అన్నం తపేలా, పప్పు కుక్కరు, కూర మూకుడు, పులుసు గిన్నె, పాల గిన్నె, పెనం. మిగతావన్నీ పండగలకీ తద్దినాలకీ దిగుతాయి, మళ్ళీ ఎక్కుతాయి. నీ డబ్బు ఆ ఆరింటి మీద పెట్టు.

గిన్నె కొనేటప్పుడు అందరూ అడుగు మీద వేలితో కొట్టి చూస్తారు, చెవులు మాత్రం చూడరు. మన వైపు చేపల పులుసులో గరిటె పెట్టం కదా, ముక్క చితికిపోతుందని గుడ్డతో రెండు చెవులూ పట్టుకుని గిన్నెనే అలా గుండ్రంగా తిప్పుతాం. చేపా పులుసూ గిన్నే కలిపి ఎంత బరువో ఆలోచించు, అదంతా ఆ చెవుల మీదే. చుక్క వెల్డింగుతో అతికించిన చెవి ఏదో ఒక రోజు ఊడుతుంది. మాకు ఊడింది, అదీ పులస వండిన రోజు. ఆ సాయంత్రం ఇంట్లో ఎవరూ ఎవరితోనూ మాట్లాడలేదు. రివెట్లు కొట్టిన చెవులుంటే లోపలివైపు రివెట్టు తలలు తగులుతాయి, వాటి చుట్టూ మురికి చేరుతుంది, పాత బ్రష్షుతో తోముకోవాలి. అయినా అవే తీసుకో.

హైదరాబాద్‌లో_కోనసీమ | శనివారం, రాత్రి 10:05

ఇంకా తపేలాలూ మూకుళ్ళేంటండి బాబూ. ఒక నాన్‌స్టిక్ సెట్టు, ఒక ఇండక్షన్ స్టవ్వు తీసుకుంటే పనైపోతుంది, నూనె కూడా తక్కువ పడుతుంది. స్టీలు కొనాలంటే జేబులో అయస్కాంతం వేసుకెళ్ళండి. అతుక్కుంటే నాసిరకం, అతుక్కోకపోతే మంచిది. అంతే.

స్టీలుకొట్టు_కుర్రాడు | శనివారం, రాత్రి 10:31

ఆయ్, అంతేనండి, అంత సుళువైతే మేం కొట్టు గుమ్మానికే అయస్కాంతం కట్టేసుకునేవాళ్ళం.

నేను ఆరేళ్ళు స్టీలు సామాన్ల కొట్లో పనిచేశాను కాబట్టి చెబుతున్నాను. మంచిదనుకునే 304 రకానికి అయస్కాంతం అతుక్కోదు, నిజమే. అందులో 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ దాకా ఉంటాయి, అందుకే 18/8 అని కూడా అంటారు. కానీ నికెల్ తగ్గించి మాంగనీసు పెంచి చేసే 200 సిరీస్ చవక రకాలు ఉన్నాయి చూడండి, వాటికీ అతుక్కోదు. అంటే మీ అయస్కాంతం ఆ రెంటినీ వేరు చెయ్యలేదు. పైగా ఇండక్షన్ మీద పెట్టే గిన్నెకి అడుగున అయస్కాంతం అతుక్కుంటేనే అది వేడెక్కుతుంది. అక్కడ అతుక్కుందని వెనక్కిచ్చేసేవాళ్ళని నేను బోలెడుమందిని చూశాను.

అడగాల్సింది గ్రేడు. గిన్నె మీద ముద్ర ఉందా, బిల్లు మీద గ్రేడు రాసిస్తారా అని అడగండి, రాయనంటే అక్కడే తెలిసిపోతుంది. ఐఎస్ఐ గుర్తు కూడా చూడండి. స్టీలు వంటపాత్రల ప్రమాణం నంబరు ఐఎస్ 14756. స్టీలు, అల్యూమినియం పాత్రలకి ఆ గుర్తు తప్పనిసరి చేస్తూ 2024లో కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. ప్రెషర్ కుక్కర్లకైతే అంతకుముందే, 2021 ఫిబ్రవరి 1 నుంచి ఉంది.

ఇంకో మాట. స్టీలు వేడిని సరిగ్గా పరవదు, మంట తగిలినచోటే మాడుస్తుంది. అందుకే రెండు స్టీలు రేకుల మధ్య అల్యూమినియం పెట్టి ట్రైప్లై అని చేస్తారు. అడుగున మాత్రమే బిళ్ళ అతికించినవీ ఉంటాయి, అవి కాస్త చవక. పులుసుకీ చారుకీ అడుగు బిళ్ళ చాలు. వేపుళ్ళకి మాత్రం గోడల దాకా వేడి పాకాలి, అక్కడ ట్రైప్లై తీసుకోండి. అన్నీ ట్రైప్లై కొంటే మీ పాతిక వేలూ గిన్నెలకే సరి.

ఉప్పుగాలి | ఆదివారం, ఉదయం 6:50

మాది అంతర్వేది దగ్గర. స్టీలుకి తుప్పు పట్టదు అనేవాళ్ళు ఓ ఏడాది మా ఇంట్లో ఉండాలి. చవక స్టీలు గంటెల స్టాండు రెండో వర్షాకాలానికే గోధుమరంగు కన్నీళ్ళు కార్చింది. సముద్రానికి దూరంగా ఉన్నా బోరు నీళ్ళు ఉప్పగా ఉండే ఊళ్ళు మన డెల్టాలో చాలానే ఉన్నాయి కాబట్టి ఇది అందరికీ పనికొస్తుంది: చల్లటి నీళ్ళలో రాళ్ళుప్పు వేసి వదిలేస్తే అది అడుగున కూర్చుని మంచి స్టీలునైనా సూదిపోట్లలా తినేస్తుంది. నీళ్ళు మరిగాక ఉప్పు వేసి కలిపేయండి. పులుసు గిన్నె రాత్రంతా అలాగే ఉంచకండి. బోరు నీళ్ళతో కడిగితే గుడ్డతో తుడిచి బోర్లించండి.

స్టవ్వు కొన్నా ముందు దాన్ని తిరగేసి చూడండి. పైనంతా మెరిసే స్టీలే, అడుగున మాత్రం రంగేసిన ఇనప రేకు ఉంటుంది. మాది అక్కడే మొదలైంది.

తణుకు_అత్తగారు | ఆదివారం, ఉదయం 7:30

స్టవ్వంటే గుర్తొచ్చింది. గాజు పలక స్టవ్వు వద్దు. తుడవడానికి సుఖమే, ఒప్పుకుంటాను. కానీ మా చెల్లెలింట్లో పెద్ద తపేలా పెట్టి గంజి వారుస్తుంటే ఫట్‌మని పేలి పలకంతా కలకండ ముక్కల్లా రాలింది. కంపెనీవాళ్ళని అడిగితే మీరే ఏదో తగిలించి ఉంటారు అన్నారు. ఎవరి తప్పైతేనేం, కొత్త పలక దొరకడానికి మూడు వారాలు పట్టింది, అన్నాళ్ళూ మా ఇంటి నుంచే క్యారేజీ. రెండు బర్నర్ల స్టీలు స్టవ్వు, ఇత్తడి బర్నర్లు, ఐఎస్ఐ గుర్తు. చాలు. గ్యాసు ట్యూబు మీద అచ్చేసిన తేదీ చూసుకో, ఆ నారింజరంగు సురక్ష ట్యూబు అయిదేళ్ళకి మార్చెయ్యాలి. దీని దగ్గర మాత్రం పిసినారితనం చూపించకు.

హైదరాబాద్‌లో_కోనసీమ | ఆదివారం, ఉదయం 8:15

సరే అయస్కాంతం విషయంలో తప్పు ఒప్పుకుంటున్నా. నాన్‌స్టిక్ మాట ఏంటి మరి? మేం నాలుగేళ్ళుగా వాడుతున్నాం.

బూరెలమూకుడు | ఆదివారం, ఉదయం 8:44

నాలుగేళ్ళుగా ఒకటే వాడుతున్నారా, నాలుగోది వాడుతున్నారా?

హైదరాబాద్‌లో_కోనసీమ | ఆదివారం, ఉదయం 8:47

మూడోది. 😐

బూరెలమూకుడు | ఆదివారం, ఉదయం 9:20

వెటకారానికి ఏమీ అనుకోకండి, మాది అంబాజీపేట, తప్పదు. నాన్‌స్టిక్ చెడ్డదని కాదు, గుడ్డు వేయించుకోవడానికి చిన్నదొకటి ఉండనివ్వండి. కానీ ఆ పూత 260 డిగ్రీలు దాటితే పాడవడం మొదలవుతుంది. ఖాళీ పెనం పెద్ద మంట మీద పెట్టి ఫోను ఎత్తామంటే ఆ వేడి రావడానికి ఎంతోసేపు పట్టదు. స్టీలు గరిటె తగిలితే గీతలు, పీచుతో తోమితే గీతలు. పూత పోయాక దాన్ని బాగుచేసేవాడు ఊళ్ళో ఎవడూ లేడు. పోత ఇనుముకి తుప్పు పడితే మనమే రుద్దుకుని మళ్ళీ నూనె పట్టించుకుంటాం.

మా అమ్మమ్మ మూకుడు ఇప్పుడు నా దగ్గరుంది. ఇంచుమించు నాలుగు కిలోలు, లోపలంతా నల్లటి గాజులా ఉంటుంది. దిబ్బరొట్టె కోసమే అది. గ్లాసు మినపప్పు రుబ్బి రెండు గ్లాసుల ఇడ్లీరవ్వ కలిపి, మూకుట్లో గుంటంత నూనె పోసి, పిండి రెండంగుళాల ఎత్తున వేసి, మూతపెట్టి సన్నటి సెగ మీద వదిలేస్తే పావుగంట పైన పడుతుంది. అంచు మూకుడి నుంచి విడి నూనె బుడబుడలాడుతున్నప్పుడు ఒకే ఒక్కసారి తిరగెయ్యాలి. అమ్మమ్మ అయితే మూత మీద కూడా నిప్పులు పోసేది. పలచటి గిన్నెలో ఇదే పని చేస్తే అడుగు బొగ్గు, మధ్య పచ్చి.

కొత్త పోత ఇనుము తెచ్చాక రెండు మూడు రోజులు గంజిలో నానబెట్టి, కడిగి, నూనె రాసి, ఉల్లిపాయ సగానికి కోసి వేడి పెనం మీద రుద్దండి. మొదటి నాలుగైదు అట్లు ఎలాగూ కుక్కకే. వర్షాకాలంలో కడిగాక పొయ్యి మీద తడి ఆర్చి చెంచాడు నూనె పట్టించకపోతే తెల్లారేసరికి ఎర్రబడుతుంది. చింతపండు పులుసు అందులో వండకండి. కింద పడేస్తే మాత్రం పగులుతుంది, ఇనుమే కదా అనుకోకండి. ఎర్రగా కాలిన పెనం మీద చన్నీళ్ళు పోసినా అంతే.

కొత్తకాపురం | ఆదివారం, మధ్యాహ్నం 1:10

అబ్బ, చాలా తెలిశాయండి. ఇత్తడి గురించి ఎవరూ చెప్పలేదు. అజ్జరం వెళ్ళి ఇత్తడి గిన్నెలు తెచ్చుకుందామని మా ఆయన ఒకటే గొడవ. ఆరోగ్యమంట, ఎవరో వీడియోలో చెప్పారట.

తణుకు_అత్తగారు | ఆదివారం, మధ్యాహ్నం 2:25

అజ్జరం మాకు దగ్గరే, పెరవలి మండలం. ఇత్తడి సామానుకి పెట్టింది పేరు, బరువు లెక్కన ఇస్తారు, సరుక్కి వంక పెట్టలేం. వంకంతా మన దగ్గరే ఉంది. పులుపు తగిలేది ఏది వండాలన్నా ఇత్తడికి లోపల కళాయి ఉండాలి, లేకపోతే కిలుమెక్కుతుంది, పెరుగు పోస్తే పచ్చబడిపోతుంది. మా చిన్నప్పుడు కళాయి వేసేవాడు వీధిలోకే వచ్చి, గుంట తవ్వి, తిత్తి పెట్టి, గిన్నె కాల్చి, నవసాగరం చల్లి, తగరం గీసి దూదితో ఒక్క తుడుపు తుడిస్తే లోపలంతా వెండిలా అయిపోయేది. ఆ పొగ వాసన ఇప్పటికీ ముక్కులోనే ఉంది. ఇప్పుడు అతను రాడు. భీమవరంలో నీకు దగ్గర్లో కళాయి వేసేవాళ్ళున్నారేమో ముందు కనుక్కో. ఉంటే ఒక గిన్నె తెచ్చుకోండి, లేకపోతే మీ ఆయన్ని ఇత్తడి చెంబుతో సరిపెట్టుకోమను. తోమేది ఎవరో కూడా అడుగు, చింతపండూ ఉప్పూ ఆయన చేతికే ఇచ్చి.

మిక్సీ_వైద్యుడు | ఆదివారం, రాత్రి 8:02

పాలకొల్లులో మిక్సీలు, గ్రైండర్లు బాగుచేస్తాను. పొద్దున్నుంచీ చదువుతున్నాను, మిక్సీ జోలికి ఎవరూ పోలేదు, అదే నయం.

750 వాట్లు తీసుకోండి, 500 మనకి చాలదు, రోజూ కొబ్బరి పచ్చడే కాబట్టి. కానీ వాట్లు చూసి మిక్సీ నిలుస్తుందనుకోకండి. నా బల్ల మీదికొచ్చే వాటిలో సగం మోటారు బాగానే ఉంటుంది, పోయేది కప్లర్. జార్ అడుగున పళ్ళచక్రంలా ఉంటుంది కదా, అది మోటారు మీది చక్రంలో కూర్చుని తిరుగుతుంది. జార్ సరిగ్గా కూర్చోకుండా స్విచ్చేస్తే ఆ పళ్ళు అరిగి గుండ్రంగా అయిపోతాయి, మోటారు గోల చేస్తుంది గానీ బ్లేడు కదలదు. అది చిన్న ఖర్చే. తర్వాతది జార్ బుష్షు, అంటే బ్లేడు ఇరుసు తిరిగే చిన్న గొట్టం. అడుగు నుంచి నల్లటి నీళ్ళు కారుతున్నాయంటే బుష్షు అరిగిందని, ఆ నీళ్ళు మోటారులోకి దిగకముందే తీసుకురండి. మూడోది మోటారు లోపల తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు, అవి అరిగేవే, నిప్పురవ్వలు ఎక్కువగా కనపడితే మార్చాలి.

ఆగిపోగానే కాలిపోయిందని తెచ్చేస్తారు. కింద ఎర్రటి బొత్తం ఉంటుంది, లోడెక్కువై పడిపోయి ఉంటుంది, పావుగంట చల్లారనిచ్చి నొక్కండి. దానికి డబ్బులు తీసుకోవాలంటే నాకే సిగ్గేస్తుంది. పసుపు కొమ్ములు మిక్సీలో వెయ్యకండి, పిండిమరకి ఇచ్చి ఆడించుకోండి. ఇడ్లీ పిండి రోజూ మిక్సీలో రుబ్బకండి. దాని మోటారు నిమిషం రెండు నిమిషాల పనికి చేసింది, వరసగా పావుగంట తిరగడానికి కాదు. గ్రైండర్ మోటారు వేరే రకం, బ్రష్‌లుండవు, బెల్టు ఒకటి సాగుతుంది, అంతే. డబ్బు మిగిలితే రెండు లీటర్ల గ్రైండర్ తీసుకోండి. మిగలకపోతే ఆర్నెల్లు ఆగండి, కొంపలు మునిగిపోవు.

కొనేముందు ఒకే ప్రశ్న వెయ్యండి: దీని జార్లు, కప్లర్ మా ఊళ్ళో దొరుకుతాయా? ఆన్‌లైన్‌లో వెయ్యి రూపాయలు తక్కువకి కొన్న మిక్సీకి జార్ దొరక్క నా కొట్లో మూలపడినవి ఏడున్నాయి.

లంకవాసి | ఆదివారం, రాత్రి 9:15

కొంపలు మునగవన్న మాట మా లంకల్లో అనకండి వైద్యుడు గారూ.

2022 జూలై వరదకి మా ఇంట్లో నడుము లోతు వచ్చింది. మిక్సీ, గ్రైండర్ గట్టు మీదే ఉన్నాయి కదా అనుకున్నాం, గట్టూ మునిగింది. ఫ్రిజ్ పడవలా తేలింది. స్టీలు గిన్నెలు బురద కడుక్కుంటే చాలు మళ్ళీ గిన్నెలే. నిజంగా ఆదుకున్నవి ఏవంటే బిందెలు. మూతలున్న నాలుగు బిందెల్లో బియ్యం, పప్పు, అగ్గిపెట్టెలు పోసి అటక మీద పెట్టాం, రెండింట్లో మంచినీళ్ళు పట్టుకుని డాబా ఎక్కాం. చుట్టూ గోదారి, తాగడానికి మాత్రం ఆ రెండు బిందెలే. కాబట్టి చెల్లెమ్మా, అన్నీ మార్చెయ్యకు.

మా నాన్న అయితే ఇప్పటికీ రుబ్బురోలు అమ్మనివ్వడు. 1996 నవంబరు తుఫానుకి కొబ్బరిచెట్లు, కరెంటు స్తంభాలు కలిసి పడుకున్నాయి, రోజుల తరబడి కరెంటు లేదు, రోలున్న ఇంటికి వీధి వీధంతా వచ్చి పచ్చడి రుబ్బుకుందిట.

తణుకు_అత్తగారు | ఆదివారం, రాత్రి 9:32

ఈ మాట నిజం. సరే, మూడు బిందెలు ఉంచుకో. మిగతావాటిలో పేర్లు కొట్టించనివి, వాటిని కొన్న కొట్లోనే అడిగి గిన్నెల కింద మార్చుకో.

స్టీలుకొట్టు_కుర్రాడు | ఆదివారం, రాత్రి 9:50

మారుస్తారండి, పెట్టె, బిల్లు ఉంటే. పేరు కొట్టించినవైతే తూకానికే, పాత సామాను రేటు.

కొత్తకాపురం | సోమవారం, ఉదయం 10:20

ఇంకో రెండు సందేహాలు. కుక్కరు స్టీలా, అల్యూమినియమా? కొబ్బరి కోరడానికి కత్తిపీట కొనాలా, గట్టుకి బిగించి చేత్తో తిప్పే మిషనా?

ఉప్పుగాలి | సోమవారం, ఉదయం 11:05

స్టీలే. మా ఉప్పు నీళ్ళకి అల్యూమినియం తెల్లగా మచ్చలేస్తుంది, లోపల నల్లబడుతుంది, చింతపండు వేశామంటే మరీను. అడుగు బిళ్ళ ఉన్న స్టీలు కుక్కరు అయిదు లీటర్లది ఒకటి చాలు. పప్పు సగానికి మించి నింపకండి, పొంగి విజిల్ గొట్టానికి అడ్డం పడుతుంది. వెయిట్ తీసి గొట్టంలోంచి వెలుతురు కనపడుతోందో లేదో రోజూ చూడండి. గాస్కెట్ మాత్రం ఏ కంపెనీ కుక్కరుకి ఆ కంపెనీదే.

బూరెలమూకుడు | సోమవారం, మధ్యాహ్నం 12:40

కత్తిపీటే, కోరాం ఉన్నది. పీట మీద కాలేసి కూర్చుని రెండు చేతులతో చిప్ప తిప్పుతుంటే కోరు మంచులా రాలుతుంది, అదే కత్తి మీద కూరగాయలూ చేపా కూడా అవుతాయి. ఒక వస్తువు, మూడు పనులు. పీట ఏ కర్రో చూడండి, కత్తి పీటలో దిగిన చోట కదలిక ఉండకూడదు. మొండిబడితే కమ్మరి దగ్గర సాన పట్టించుకోవచ్చు. మోకాళ్ళు పట్టేసినవాళ్ళకి మిషను మంచిదే, కానీ గ్రానైట్ గట్టు అంచు మందంగా ఉంటే దాని బిగింపు పట్టదు, కొలుచుకుని కొనండి.

కొత్తకాపురం | మూడు వారాల తర్వాత, శుక్రవారం, సాయంత్రం 6:30

దిగామండి. లెక్క చెబుతాను, ఎవరికైనా పనికొస్తుంది. స్టీలు స్టవ్వు 3,400, తిరగేసి చూస్తుంటే కొట్టువాడు నవ్వాడు, చూసే కొన్నాను. మిక్సీ 4,700. అయిదు లీటర్ల స్టీలు కుక్కరు 3,100. నాలుగు బిందెలు మార్చి పైన 2,600 కడితే రెండు మంచి గిన్నెలొచ్చాయి, ఒకటి రివెట్ల చెవులతో పులుసుకి. పోత ఇనప పెనం, మూకుడు కలిపి 1,900. కత్తిపీట 650. గరిటెలు, అట్లకాడ, సిబ్బి, పాల గిన్నె, ట్యూబు అన్నీ 1,150. మొత్తం 17,500. మిగిలిన 7,500 గ్రైండర్ కోసం పక్కన పెట్టాం. ఇత్తడి తేలేదు, కళాయి వేసేవాళ్ళు ఎక్కడున్నారో కనుక్కునే పని ఆయనకే అప్పగించాను, ఇంకా వెతుకుతున్నారు.

దిబ్బరొట్టె మొదటిసారి అడుగంటింది. గీకితే పైన పెంకు వచ్చింది, అదే బావుందని ఆయనన్నారు, పాపం కొత్త కదా.

బూరెలమూకుడు | శుక్రవారం, సాయంత్రం 7:10

నూనెకి చెయ్యి రాలేదు, అంతే. అట్లు ఇంకో పది రోజులు పోసి, మూకుట్లో ఓ రెండుసార్లు గారెలు వేయించి అప్పుడు వెయ్యండి.

మిక్సీ_వైద్యుడు | శుక్రవారం, రాత్రి 8:45

మంచి బేరమండి. మిక్సీ గ్యారంటీ కార్డు, బిల్లు జాగ్రత్త చేశారా? సగం మంది దగ్గర అవే ఉండవు.

కొత్తకాపురం | శుక్రవారం, రాత్రి 8:52

చేశానండి. బిందెలో.